మా తమ్ముడు తన పక్కన ఎవరో కాపలా ఉన్నారంటున్నాడు, నమ్మాలా, భయపడాలా?

మీ తమ్ముడికి 19 ఏళ్లు, చదువు మధ్యలో వదిలేశాడు, ఎవరితోనూ మాట్లాడడు, ఈమధ్య మాత్రం "రాత్రిళ్లు నా పక్కన ఒకరు కూర్చుంటున్నారు, వాళ్లున్నంతవరకు నాకేం కాదు" అన్నాడని రాశారు. ఇంచుమించు అదే వయసులో నాకూ ఇలాంటిదే జరిగింది కాబట్టి చెప్తున్నాను.

పరీక్ష రెండోసారి తప్పాను, ఇంట్లో చెప్పలేదు, సరిగ్గా నిద్రపోయి నాలుగైదు రోజులైంది. ఒక రాత్రి నాలుగు బట్టలు సంచిలో కుక్కుకుని ఎటైనా వెళ్లిపోదామని బయటికొచ్చి, చెప్పులేసుకోడానికి మెట్ల మీద కూర్చున్నాను. ఎడమ పక్కన ఎవరో ఉన్నారు. కనిపించలేదు, ఏమీ మాట్లాడలేదు, కానీ పక్కన మనిషి కూర్చుంటే చూడకపోయినా తెలుస్తుంది కదా, అలా తెలిసి నేను నిజంగానే కొంచెం జరిగి చోటిచ్చాను (ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది). ఒక చెప్పు కాలికి, ఇంకోటి చేతిలో, తెల్లారేదాకా అక్కడే ఉండిపోయాను.

పదేళ్ల తర్వాత గానీ మా అక్కకి చెప్పలేదు. పిచ్చా నీకు అంటుందనుకున్నాను. "ఏ పక్కన?" అని అడిగింది, అంతే. ఆ ఒక్క ప్రశ్నకి మిగతాదంతా, తప్పిన పరీక్షతో సహా, బయటికొచ్చేసింది. మీరూ ఉన్నారా లేరా అని వాదించకండి, అడగండి.

ఇది మీ వాడికే వచ్చిన వింత కూడా కాదు. 1916లో అంటార్కిటికా యాత్రికుడు షాకిల్టన్ ఇంకో ఇద్దరితో కలిసి దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవి మంచుకొండలు దాదాపు 36 గంటలు నడిచి దాటాడు, ముగ్గురం కాదు నలుగురం ఉన్నామని చాలాసార్లు అనిపించిందని తర్వాత తనే రాసుకున్నాడు. 2006లో స్విట్జర్లాండ్‌లో ఒక మూర్ఛ రోగికి మెదడు ఎడమవైపు ఒకచోట కరెంటుతో ప్రేరేపిస్తే తన వెనక నీడలాంటి మనిషి ఉన్నట్టు అనిపించిందట. ఆమె మోకాళ్లు పట్టుకుని ముందుకు వంగితే ఆ నీడ కూడా తనని చుట్టేసి పట్టుకున్నట్టు అనిపించి ఇబ్బందిపడింది. నాకు మాత్రం ఇబ్బంది కాదు, ధైర్యం వచ్చింది. అదెందుకో ఆ ప్రయోగం నాకు చెప్పలేదు, నేనూ పెద్దగా వెతకలేదు.

కావలి దూతల కథల్లో నాకు నచ్చింది కాథలిక్ బైబిల్లోని తోబీతు గ్రంథం. రఫాయేలు దూత మామూలు మనిషిలా, వేరే పేరుతో ఒక కుర్రాడికి దారి తోడుగా వెళ్తాడు, వెంట వాళ్ల కుక్క కూడా. నదిలో పెద్ద చేప కుర్రాడి మీదికి వస్తే దూత తను పట్టడు, "పట్టుకో" అంటాడు, అంతే. పట్టేది కుర్రాడే. నా పక్కన కూర్చున్నది కూడా నా పరీక్ష రాసిపెట్టలేదు, ఇంట్లో నా బదులు చెప్పలేదు, ఆ ఒక్క రాత్రి గడిపించింది. మిగతాదానికి మనుషులే కావాల్సొచ్చింది, అందులో ఒక డాక్టర్ కూడా.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. పక్కనున్నది ఏమైనా మాట్లాడుతోందా, ఇది చెయ్యి అది చెయ్యి అని ఆజ్ఞలిస్తోందా, తిడుతోందా, నాతో వచ్చెయ్ అంటోందా? లేదా వాడే చచ్చిపోవాలనే మాట ఎప్పుడైనా అన్నాడా? వీటిలో ఏ ఒక్కటున్నా దూతా దయ్యమా అన్న చర్చ పక్కనపెట్టి ఆరోజే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. అవేవీ లేకపోయినా చదువు మానేసి మాటలు తగ్గించేశాడంటున్నారు కాబట్టి ఒకసారి చూపించడమే మంచిది, "నీకు భ్రమ" అని కాదు, "నిద్ర పట్టట్లేదుగా, అది చూపిద్దాం" అనండి. నేను ఆ మాటకే కదిలాను.

ఇంతకీ రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు? మీ ప్రశ్నలో అది రాయలేదు.