టెక్ సందేహాలు: గాజులో కరెంటు ఎలా పారుతుంది?

ప్రశ్న: ఇంజినీరింగ్ చదువుతున్నాను. కొన్ని మెమరీ చిప్పుల్లో సమాచారాన్ని దాచేది గాజులాంటి పదార్థమేనని మా సార్ చెప్పారు. గాజు కరెంటును పోనివ్వదు కదా, మరి దాన్ని స్విచ్‌లా ఎలా వాడతారు? రాయడం, చెరపడం ఎలా జరుగుతాయి?

జవాబు: మీ సార్ చెప్పింది నిజమే. కాకపోతే అది కిటికీ అద్దం లాంటి గాజు కాదు. జర్మేనియం, యాంటిమొనీ, టెల్లూరియం 2:2:5 పాళ్లలో కలిసిన మిశ్రమం. ఫేజ్ చేంజ్ మెమరీ అనే రకం చిప్పుల్లో బాగా పేరున్న పదార్థం ఇదే. పరమాణువులు బారులు తీరి కుదురుకుంటే స్ఫటికం అవుతుంది, అప్పుడు కరెంటు సులువుగా పారుతుంది. చిందరవందరగా ఎక్కడివక్కడ బిగుసుకుపోతే గాజు అవుతుంది, నిరోధం వందల నుంచి వేల రెట్లు పెరుగుతుంది. ఒక స్థితిని 1 అనుకుంటే రెండోది 0.

గాజు స్థితిలోనూ కరెంటు పారుతుంది, చాలా కొద్దిగా. అసలు విషయమంతా ఆ కొద్దిలోనే ఉంది. వరుస తప్పని స్ఫటికంలో ఎలక్ట్రాన్ అలలా సాగిపోతుంది. వరుస చెడితే ఆ అల అడుగడుగునా తగిలి చెదురుతుంది. చెదరడం మితిమీరితే ముందుకు పోవడం మానేసి ఒక్కచోటే చిక్కుబడిపోతుందని 1958లో ఫిలిప్ ఆండర్సన్ లెక్కగట్టి చూపారు. చిక్కుబడ్డవి మళ్లీ ఎలా కదులుతాయన్నది నెవిల్ మాట్ పట్టుకున్న ప్రశ్న. వాన్ వ్లెక్‌తో కలిపి ఈ ఇద్దరికీ 1977లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

కదలిక ఎలా ఉంటుందంటే, రాళ్ల మీద కాళ్లు వేస్తూ వాగు దాటినట్టు. ఎలక్ట్రాన్ ఒక గుంటలో ఆగుతుంది, వేడి కాస్త ఊపు ఇవ్వగానే పక్క గుంటలోకి గెంతుతుంది, మళ్లీ ఆగుతుంది. అందుకే లోహపు తీగకు వేడెక్కితే నిరోధం పెరిగితే, ఈ గాజుకు తగ్గుతుంది. పరీక్షలో తికమక పెట్టే ప్రశ్న ఇది, గుర్తుంచుకోండి. బాగా చల్లబడినప్పుడు ఇంకో వింత. పక్కనే ఉన్న రాయి మరీ ఎత్తుగా ఉంటే దానికి ఎగిరే శక్తి ఉండదు కాబట్టి, దూరమైనా తన ఎత్తులోనే ఉన్న రాయిని చూసుకుని గెంతుతుంది. మాట్ లెక్కలో ఉష్ణోగ్రత నాలుగో వంతు ఘాతం కనిపించేది ఈ బేరం వల్లే.

ఇప్పుడు వోల్టేజీ పెంచుదాం. గుంటల గట్లు ఒకవైపుకు వాలతాయి, గెంతడం తేలికవుతుంది, కరెంటు మామూలు లెక్కకు మించి ఎగబాకుతుంది. గట్టు ఇలా తగ్గడాన్ని ఫ్రెంకెల్ 1938లోనే వివరించారు, పూల్-ఫ్రెంకెల్ ప్రభావం అంటారు. ఇంకొంచెం పెంచితే, ఒక హద్దు దగ్గర గాజు తెగించేస్తుంది. నానోసెకండ్లలో నిరోధం కుప్పకూలి కరెంటు ధారగా పారుతుంది. పరమాణువులు మాత్రం ఇంకా చిందరవందరగానే ఉంటాయి! కాలేజీ చదువు లేని స్టాన్‌ఫోర్డ్ ఓవ్‌షిన్‌స్కీ 1968లో లోకం ముందు పెట్టింది ఈ సంగతినే. బలమైన విద్యుత్ క్షేత్రంలో ఎలక్ట్రాన్లు శక్తి పుంజుకుని పైమెట్టు గుంటల్లోకి చేరతాయని, అక్కడ గెంతడం సులువని ఒక వివరణ. వేడిదే ముఖ్యపాత్ర అనేవారూ ఉన్నారు. ఈ వాదన పూర్తిగా తెగలేదు. నాకు మొదటిదే నచ్చుతుంది.

ఈ తెగింపు లేకపోతే మెమరీయే లేదు. ఉదాహరణకు గాజు నిరోధం 10 లక్షల ఓమ్‌లు, పెట్టింది 1 వోల్టు అనుకోండి. పుట్టే వేడి 1 మైక్రోవాట్, దానితో ఏమీ మారదు. నిరోధం 1,000 ఓమ్‌లకు పడిపోతే అదే 1 వోల్టుకు వెయ్యి రెట్లు వేడి. ఆ వేడితో కరగనివ్వకుండా కాసేపు ఉంచితే పరమాణువులు సర్దుకుని స్ఫటికమవుతాయి, ఇదే రాయడం. చెరపాలంటే సుమారు 600 డిగ్రీలు దాటించి కరిగించి, తేరుకునే వ్యవధి ఇవ్వకుండా చప్పున చల్లార్చాలి, మళ్లీ గాజే. చదివేటప్పుడు ఆ హద్దుకు బాగా కిందే, చిన్న వోల్టేజీతో చూసి వదిలేస్తారు.

ఒక చిక్కు కూడా చెప్పాలి. గాజు ఊరికే ఉండదు. బిగుసుకున్న పరమాణువులు మెల్లగా సర్దుకుంటూనే ఉంటాయి, దాంతో ఎవరూ ముట్టుకోకపోయినా నిరోధం పెరుగుతూ పోతుంది. కాలానికి సుమారు 0.1 ఘాతం. అంటే గాజుగా మారిన సెకను తర్వాత ఉన్న నిరోధం రోజు గడిచేసరికి దాదాపు 3 రెట్లు, ఏడాదికి 5 రెట్లకు పైనే. 0, 1 మాత్రమే దాచితే దీనితో నష్టం లేదు, తేడా ఇంకా పెరుగుతుంది. ఒకే సెల్‌లో, అంటే సమాచారం దాచే ఒక్క గడిలో, నాలుగైదు నిరోధపు మెట్లు పెట్టి ఎక్కువ బిట్లు ఇరికించాలనుకున్నప్పుడే ఒక మెట్టు జరిగి ఇంకో మెట్టు మీదకొస్తుంది.

ప్రశ్న: నా పాత డెస్క్‌టాప్‌లో 16 జీబీ ఇంటెల్ ఆప్టేన్ మెమరీ మాడ్యూల్ ఉంది. పైన చెప్పిన రకమేనా? దాన్ని తీసేసి ఆ స్లాట్‌లో ఎస్ఎస్‌డీ పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు, కానీ ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. అది హార్డ్‌డిస్క్‌తో జతకట్టి పనిచేస్తుంటే రెండూ కలిసి ఒకే డ్రైవ్ కింద లెక్క. విండోస్‌లో ఆప్టేన్ యాప్ తెరిచి, దాన్ని డిసేబుల్ చేసి, రీస్టార్ట్ అయ్యాకే విప్పండి. నేరుగా పీకేస్తే హార్డ్‌డిస్క్‌లోని డేటా తెరుచుకోకపోవచ్చు. బ్యాకప్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆ రకమేనా అంటే, అవును. 2015లో ఇంటెల్, మైక్రాన్ ఈ టెక్నాలజీని ప్రకటించినప్పుడు పదార్థం పేరు బయటపెట్టలేదు. తర్వాత చిప్పును విప్పి చూసినవాళ్లకు ఈ కుటుంబపు మిశ్రమాలే కనిపించాయి. సరదా ఏమిటంటే, ప్రతి సెల్‌కూ తోడుగా ఉండే స్విచ్ కూడా ఇలాంటి గాజే. అది హద్దు దాటితే తెగిస్తుంది, వోల్టేజీ తీయగానే మళ్లీ మూసుకుంటుంది, స్ఫటికం మాత్రం కాదు. 2022లో ఇంటెల్ ఈ వ్యాపారాన్ని చాలించుకుని 55.9 కోట్ల డాలర్ల సరుకును నష్టం కింద రాసేసుకుంది. నా లెక్కలో ఓడింది భౌతికశాస్త్రం కాదు, ధర.

ప్రశ్న: ఫొటోలన్నీ ఒక ఎస్ఎస్‌డీలో వేసి బీరువాలో పెట్టాను. రెండేళ్లు ముట్టుకోకపోతే పోతాయా?

జవాబు: కొత్త డ్రైవ్ అయితే అంత గాబరా అక్కర్లేదు, కానీ ఉన్న ఒకే ఒక కాపీ అదే అయితే తప్పు చేస్తున్నారు. ఇప్పటి ఎస్ఎస్‌డీల్లో చాలావాటిలో ఎలక్ట్రాన్లను పట్టి ఉంచేది సిలికాన్ నైట్రైడ్ పొర, అదీ చిందరవందర పదార్థమే. పై జవాబులో మనకు పనికొచ్చిన గెంతులే ఇక్కడ శత్రువులు, ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటే జారుకుంటాయి. వేడి పెరిగితే, డ్రైవ్ అరిగితే ఇంకా త్వరగా. చిప్పుల పరిశ్రమకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం ఇంట్లో వాడే ఎస్ఎస్‌డీ, రాయగలిగినంతా రాసి అరిగిపోయాక కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల్లో ఏడాది డేటా నిలుపుకోవాలి. మీది అంత అరగలేదు కాబట్టి గడువు చాలా ఎక్కువే. ఆరు నెలలకోసారి తగిలించి ఫైళ్లన్నీ ఒకసారి చదివించండి, రెండో కాపీ హార్డ్‌డిస్క్‌లో ఉంచండి.

ప్రశ్న: సీడీ-ఆర్‌డబ్ల్యూలో పాటలు రాసుకున్నాను. కంప్యూటర్‌లో పాడుతోంది, పాత ఆడియో ప్లేయర్ మాత్రం డిస్కే లేదంటోంది. ప్లేయర్ పాడైందా?

జవాబు: ప్లేయర్ బాగానే ఉండి ఉంటుంది. ఆ డిస్క్‌లో ఉన్నదీ ఈ కుటుంబపు మిశ్రమమే, కరెంటు బదులు లేజర్ వేడితో మారుతుంది. చదివేది నిరోధం కాదు, మెరుపు. మామూలు సీడీ పడిన కాంతిలో కనీసం 70 శాతం వెనక్కి పంపితే, ఇది నాలుగో వంతు కూడా పంపదు. పాత ప్లేయర్ కంటికి అది ఆనదు. అవే పాటల్ని సీడీ-ఆర్ మీద, ఆడియో సీడీ పద్ధతిలో రాసి చూడండి.