వెళ్లేలోగా పెరట్లో కాసేపు కూర్చో

అమ్మాయీ, ఆశీస్సులు.

నగరానికి మకాం మార్చే తేదీ ఖాయమైందని, ఈలోగా ఇంటి చుట్టూ ఉన్న పిట్టలనూ జీవాలనూ తనివితీరా చూసుకోవాలని ఉందని రాశావు. చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. చివరి రోజులన్నీ సామాను సర్దడానికే పోతాయి కాబట్టి, ఈ పని రేపే మొదలుపెట్టు.

ముందుగా ఒక మాట. వెతుక్కుంటూ తిరగకు. ఒక చోటు చూసుకుని కూర్చో. మనం నడుస్తున్నంతసేపూ పెరడు మన అలికిడిని కనిపెడుతూనే ఉంటుంది. కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చుంటే భయం తగ్గి, ఎవరి పనుల్లో వారు పడతారు. సాధారణంగా ఉడుత ముందు దిగుతుంది, పికిలిపిట్టలు పొదలోంచి బయటికి వస్తాయి, అదృష్టం బాగుంటే ముంగిస కంచె వెంట ముక్కు నేలకు ఆనించి పోతుంది. నీళ్లు, పొద, కొంత ఖాళీ నేల మూడూ కంటికి ఆనే చోటైతే మేలు. వెనక గోడో చెట్టు మానో ఉండనీ, అప్పుడు నీ ఆకారం విడిగా కనబడదు. తెల్లవారడానికి అరగంట ముందే కూర్చుంటే ఏ పిట్ట ఏ వరసలో గొంతు విప్పుతుందో తెలిసిపోతుంది. రోజూ అదే చోటు, అదే వేళ. చోటు మార్చితే కొత్తవి కనిపించవచ్చు గానీ, ఉన్నవాటి దినచర్య మాత్రం తెలియదు. నాకు ఆ దినచర్యే ముఖ్యం.

మీ చెరువు గట్టు చెట్లకు గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి కదా, వానలు పడగానే అక్కడికి వెళ్లు. గూడు కట్టేది మగపిట్ట. గడ్డి ఆకు అంచును ముక్కుతో కాస్త కొరికి పట్టుకుని ఎగురుతుంది, ఆ ఊపుకు సన్నటి పొడవాటి పీలిక చీలి వస్తుంది. అలా ఒక్క గూటికి ఐదు వందల సార్ల వరకూ తిరుగుతుందట. సగం కట్టాక, గూడు టోపీలా ఉన్నప్పుడు ఆగి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టలను పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపల అటూ ఇటూ తిరిగి చూస్తుంది. నచ్చితేనే మగపిట్ట పొడవాటి గొట్టం దాకా గూడు పూర్తి చేస్తుంది. ఆ జంట గుడ్లు పెట్టాక అదే మగపిట్ట ఇంకో గూడు మొదలుపెట్టి మరో ఆడపిట్టను పిలుస్తుంది. ఈ సంగతి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఓపిగ్గా గమనించి 1931లో ప్రచురించారు. ఆయన చూసిందంతా దాదాపు ఒక్క చోట కూర్చుని చూసిందే. అందుకే నీకు అంత గట్టిగా చెబుతున్నాను.

ఖాళీ పొలంలో తీతువు నీ తల మీదుగా అరుస్తూ తిరిగితే ఆగిపో. దాని గుడ్లు నేల మీదే, గులకరాళ్ల మధ్య ఉంటాయి. మచ్చల వల్ల పక్కనున్నా కనబడవు, కాలి కింద పడినా తెలియదు. వచ్చిన దారినే వెనక్కి వచ్చి దూరంగా కూర్చుంటే అది మళ్లీ పొదగడానికి వస్తుంది. ఎండలు మండే రోజుల్లో పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చోవడం కూడా చూడవచ్చు. ఏ గూటి దగ్గరికీ ఫోటో కోసం పోకు. మనం వెళ్లిన దారిని కాకులు కనిపెడతాయి.

రాత్రిపూట వసారా దీపం ఆర్పెయ్యి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోను చూశావా, మళ్లీ మొదటికి వస్తావు. మిణుగురులు వెలుగు సైగలతోనే జోడును వెతుక్కుంటాయి, మన బల్బు వాటికి అడ్డం. వాటి పిల్లపురుగులు తడి నేలలో నత్తలను తిని బతుకుతాయి కాబట్టి, ఆకులు రాలి కుళ్లే మూలను ఊడ్చకుండా వదిలెయ్యి. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటే కళ్లు చెదరవు. అయితే నడిచేటప్పుడు మాత్రం కాగితం తీసేసి, బూట్లు వేసుకుని, మామూలు వెలుగులోనే అడుగు వెయ్యి. కట్టెల కుప్పలో చెయ్యి పెట్టకు. పాము ఏదైనా సరే దూరం నుంచే చూడు. జెర్రిపోతును నాగుపాము అనుకుని చంపేసేవాళ్లు చాలామంది, దానికి విషమే లేదు.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకో. తేదీ, వేళ, ఏది ఏం చేస్తోంది, అంతే. పేరు తెలియకపోతే రంగూ నడకా రాయి. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల మెర్లిన్ అనే ఉచిత యాప్ కూతను విని పేరు చెబుతుంది, కానీ పొరబడుతుంది కూడా. పిట్టను కంటితో చూశాకే పేరు రాసుకో. పిట్టను రప్పించడానికి ఫోనులో దాని కూత వినిపించకు, మరో మగపిట్ట వచ్చిందనుకుని అది తిండి మాని కలవరపడుతుంది. ఇప్పుడు చెవి అలవాటైతే నగరంలోనూ పనికొస్తుంది. అక్కడా గోరువంకలు, గద్దలు, పైడికంట్లు అనే చిన్న గుడ్లగూబలు ఉంటాయి. వాహనాల రొదలోనూ ఆ గొంతులు నీకు వినబడతాయి.

వెళ్లే ముందు తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లోకి వచ్చేవాళ్ల కోసం ఒక కాగితం రాసి పెట్టు. ఏ గోడ తొర్రలో గుడ్లగూబ ఉంటుందో, ఏ కొమ్మ నరికే ముందు గూళ్లు చూసుకోవాలో వివరంగా రాయి. ఎలుకల మందు పెట్టవద్దని ప్రత్యేకంగా అడుగు. మందు తిన్న ఎలుకను తిని గుడ్లగూబ కూడా చస్తుంది. పిట్టల నీళ్ల పళ్లెం సంగతీ మాట్లాడు. రోజూ కడిగి నీళ్లు మారుస్తామంటేనే అప్పగించు, లేకపోతే దోమలకు నిలయమవుతుంది, బోర్లించి వెళ్లడమే నయం. వాళ్లేమన్నారో నాకు రాయి.

మీ మామయ్య