సీ వదిలేయకండి, ఆ ఫ్రీ ఎక్కడ పెట్టారో చూడండి

ప్రశ్న: సీఎస్‌ఈ థర్డ్ ఇయర్ చదువుతున్నాను. లైబ్రరీ మినీ ప్రాజెక్టు సీ లాంగ్వేజ్‌లో లింక్డ్ లిస్టుతో (ఒక్కో నోడ్‌లో తర్వాతి నోడ్ చిరునామా ఉండే గొలుసు) చేశాను. ఇంట్లో బాగానే నడిచింది, ల్యాబ్‌లో సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తాకకూడని మెమరీని తాకి కూలిపోవడం) వచ్చింది. కోడ్ జత చేశాను. సీ మానేసి పైథాన్ చూసుకోమంటున్నారు ఫ్రెండ్స్. నాకేమో ఎంబెడెడ్ (పరికరాల లోపలి చిప్‌లకు ప్రోగ్రామ్ రాయడం) అంటే ఇష్టం. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఎంబెడెడ్ కావాలంటూ సీ మానేస్తే ఎలాగమ్మా? పైథాన్ కూడా నేర్చుకోండి, తప్పులేదు. అందులో మెమరీ లెక్క అదే చూసుకుంటుంది. కానీ మనం మామూలుగా వాడే ఆ పైథాన్‌ను కూడా సీలోనే రాశారు.

మీ కోడ్ చూశాను. లిస్టు ఖాళీ చేసే లూప్‌లో ముందు ఫ్రీ(పి) అన్నారు, అంటే పి అనే నోడ్ మెమరీని తిరిగిచ్చేశారు; తర్వాతి లైన్లో ఆ పి నుంచే నెక్స్ట్ (తర్వాతి నోడ్ చిరునామా) తీసుకున్నారు. అద్దె ఇల్లు ఖాళీ చేసి తాళాలిచ్చేశాక, గూట్లో మర్చిపోయిన చీటీ కోసం మళ్లీ వెళ్లినట్టుంది. ఒక్కోసారి చీటీ అక్కడే ఉంటుంది. ఇంట్లో నడిచి ల్యాబ్‌లో కూలడం అందుకే. నెక్స్ట్‌ను ముందు వేరే పాయింటర్‌లో (చిరునామా దాచే వేరియబుల్) దాచుకుని, తర్వాత ఫ్రీ చేయండి.

ఇంకో తప్పు కూడా ఉంది. పుస్తకం పేరుకు విడిగా మాలాక్ చేశారు (మెమరీ అడిగి తీసుకున్నారు), ఫ్రీ మాత్రం నోడ్‌కే చేశారు. పేర్లన్నీ మెమరీలోనే మిగిలిపోతున్నాయి, దీన్నే లీక్ అంటారు. దీనివల్ల ప్రోగ్రామ్ కూలదు కాబట్టి మీ కంటపడలేదు. జీసీసీ కంపైలర్‌లో 'జీ' ఆప్షన్‌తో కంపైల్ చేసి, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రిండ్ టూల్‌లో లీక్ చెక్ 'ఫుల్' పెట్టి నడపండి. 'డెఫినెట్లీ లాస్ట్' అంటూ ఎన్ని బైట్లు పోయాయో, ఏ లైన్లో తీసుకున్నవో చెప్తుంది. (మీ ల్యాబ్‌లో వాల్‌గ్రిండ్ లేకపోతే, ఇంట్లో ఉబుంటు లినక్స్ వేసుకోండి.) మాలాక్ చేసే ప్రతి ఫంక్షన్ పైన, దాన్ని ఫ్రీ చేయాల్సింది ఎవరో ఒక్క లైను కామెంట్ రాయండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ద్వారకానగర్‌లో వేలు పోసి ఎంబెడెడ్ కోర్సులో చేరే ముందు ఈ పని పూర్తిచేయండి. రెజ్యూమెలో ఉత్త 'సీ వచ్చు' కాకుండా, ఏ లీకును ఎలా పట్టుకున్నారో రాయండి.

ఒక మెలిక ఉంది. కార్ల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువగా పాటించే మిస్రా సీ 2012 నియమాలు అసలు మాలాక్, ఫ్రీ వాడొద్దంటాయి. ఎందుకని ఇంటర్వ్యూలో అడగొచ్చు. రోజుల తరబడి ఆగకుండా నడిచే పరికరంలో చిన్న లీకైనా, ముక్కముక్కలైన హీప్ (మాలాక్ మెమరీ తీసుకునే చోటు) అయినా ఏదో ఒక రోజు మెమరీ దొరక్కుండా చేస్తుంది. దానికి మీ పుస్తకాల పేర్ల సంగతే ఉదాహరణగా చెప్పండి.