మనసు చివుక్కుమంటే శబ్దం వస్తుందా?

సందేహం: తలుపు టప్పుమంది అంటే సరే, శబ్దం వచ్చింది. మరి మనసు చివుక్కుమంది, నగ తళుక్కుమంది అంటాం కదా, అక్కడ ఏ శబ్దమూ లేదు, ఇవి కూడా ధ్వన్యనుకరణాలేనా? ఇంకోటి, గుండె జల్లుమందా, ఝల్లుమందా?

సమాధానం: మంచి ప్రశ్న అడిగారండీ. ఇవీ అనుకరణ పదాలే, కాకపోతే అనుకరించేది ధ్వనిని కాదు. చెవికి వినపడినదాన్నే కాదు, కంటికి మెరిసినదాన్ని, ఒంటికి తగిలినదాన్ని, మనసుకి గుచ్చుకున్నదాన్ని కూడా మనం ఆ "అను" క్రియతోనే చెప్పేస్తాం, టప్పుమంది, తళుక్కుమంది, చురుక్కుమంది, చివుక్కుమంది, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి చూడండి.

అందులోనూ ఎంత తేడా చూపిస్తామో! ఒక్కసారి మెరిస్తే తళుక్కుమంటుంది, ఆగకుండా మెరుస్తుంటే తళతళలాడుతుంది. చివర "క్కు", "ప్పు" ఉంటే ఠక్కున తెగిపోయినట్టు, "ల్లు" ఉంటే ఒళ్ళంతా పాకినట్టు, అందుకే ముల్లు గుచ్చుకుంటే చురుక్కుమంటుంది గానీ భయానికి ఒళ్ళు ఝల్లుమంటుంది. పళ్ళ డాక్టర్ దగ్గర మనవాళ్ళు చెప్పేది వినండి, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటోందండీ, రాత్రంతా సలుపుతోందండీ అంటారు, ఆ రెండూ వేరే నొప్పులని డాక్టర్‌కి వెంటనే తెలిసిపోతుంది. ఇలాంటి మాటల్ని చిన్నపిల్లల భాష అని తీసిపారేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, నొప్పిని ఇంత సూటిగా ఇంకే మాట చెప్తుంది?

ఇది మన ఒక్క తెలుగు గొప్పే అనుకోకూడదు. ఎమెనో అనే భాషాశాస్త్రవేత్త 1969లో ఒక వ్యాసం రాశాడు, ఇలాంటి మాటలు ద్రావిడ భాషల్లోనూ ఉత్తరాది భాషల్లోనూ ఎలా పంచుకున్నట్టు కనిపిస్తాయో అందులో చూపించాడు. జపనీస్‌లో అయితే శబ్దాన్ని అనుకరించేవాటికి గియోంగో అని, స్థితిని అనుకరించేవాటికి గితైగో అని పేర్లే వేరు. వాళ్ళకి "కిరకిర" అంటే మిలమిల మెరవడం, మనకేమో చెప్పుల చప్పుడు! అంటే ఇవి ప్రకృతి నేర్పిన మాటలని పూర్తిగా అనలేం, ఏ భాష చెవి దానిదే.

ఇక రెండో సందేహం. అచ్చ తెలుగు మాటల్లో ఖ, ఘ, ఝ లాంటి ఒత్తి పలికే అక్షరాలు ఉండవంటారు గానీ అనుకరణ పదాల్లో మాత్రం ధగధగ, భగభగ, ఘల్లు, ఖంగు అంటూ ధారాళంగా వస్తాయి, కాబట్టి ఝల్లుమంది అని రాయడానికి జంకక్కర్లేదు. మాట్లాడేటప్పుడు చాలామంది నోట జల్లుమంది అనే వస్తుంది, అదీ తప్పు కాదు. రాసేటప్పుడు మాత్రం నేను ఝల్లు అనే రాస్తాను, వాన జల్లుతో కలిసిపోకుండా ఉంటుందని.