ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టాక ప్రొపోర్షనింగ్ వాల్వ్ కావాలా?

1966 ఫోర్డ్ మస్టాంగ్ కారుకు ముందు చక్రాల డ్రమ్ములు తీసి డిస్కులు వేస్తున్నారు, వెనక డ్రమ్ములే ఉంటాయన్నారు కదా, అయితే వెనక బ్రేకులకు వెళ్లే ప్రెషర్‌ను అదుపు చేసే ఈ వాల్వ్ పెట్టించండి. డ్రమ్ములో షూ (లోపలి నుంచి డ్రమ్మును ఒత్తే బ్రేకు ముక్క), తిరిగే డ్రమ్ముతో పాటు లాక్కుపోయి తనంతట తానే బిగుసుకుంటుంది, డిస్కుకు ఆ గుణం లేదు కాబట్టి దానికి ఎక్కువ ప్రెషర్ కావాలి, అదే ప్రెషర్ వెనక్కీ వెళ్తే, గట్టిగా తొక్కినప్పుడు బరువంతా ముందుకు వాలి, తేలికైన వెనక చక్రాలు లాక్ అయి బండి అడ్డంగా తిరుగుతుంది. నిజంగా ప్రాణాల మీదికొస్తుంది.

అడ్జస్టబుల్ వాల్వ్‌ను వెనక లైనులోనే పెట్టాలి. ఒక స్థాయి దాటాక వెనక ప్రెషర్ పెరిగే వేగాన్ని అది తగ్గిస్తుంది. ఖాళీ స్థలంలో పరీక్షిస్తూ, ముందు చక్రాలే మొదట లాక్ అయ్యేలా వాల్వ్‌ను తిప్పుకోండి.

పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌కు ప్రెషర్ ఇచ్చే పాత మాస్టర్ సిలిండర్ సింగిల్ సర్క్యూట్‌ది, అంటే నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్ దారి, ఎక్కడ లీకైనా బ్రేకులన్నీ పోతాయి, దాన్నీ మార్చేయండి.