లక్సెంబర్గ్‌లో రెండేళ్ళే అయితే పాప చదువు ఎలా?

ప్రశ్న: మావారికి లక్సెంబర్గ్‌లో రెండేళ్ళ ప్రాజెక్టు వచ్చింది. పాప సీబీఎస్‌ఈలో ఏడో తరగతి పూర్తిచేసింది, బాబుకు నాలుగేళ్ళు. అక్కడ బడుల్లో జర్మన్, ఫ్రెంచ్ అంటున్నారు. పాపను ఇక్కడే హాస్టల్లో పెట్టి ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చమని చుట్టాలు చెబుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, హాస్టల్ మాట పక్కన పెట్టండి. నన్ను భయపెడుతున్నది ఫ్రెంచ్ కాదు, మీరు రాసిన ఆ ‘రెండేళ్ళు’. ఎనిమిది, తొమ్మిది అక్కడ చదివి వస్తే పాప నేరుగా పదో తరగతిలో దిగాలి. సీబీఎస్‌ఈలో బోర్డు పరీక్షకు రిజిస్ట్రేషన్ తొమ్మిదిలోనే మొదలవుతుంది. పదిలో కొత్తగా చేర్చుకోవడానికి స్కూళ్ళు సవాలక్ష కాగితాలు అడుగుతాయి. ఒక్క ఏడాది ఉండి రండి, లేదా మూడేళ్ళు ఉండండి. రెండు మాత్రం వద్దు. ఈ ముక్క కంపెనీని ఇప్పుడే అడగమని మీవారికి చెప్పండి.

ఇక బడి. అక్కడ ప్రభుత్వ బడికి ఫీజు లేదు. పిల్లలు మొదట అక్కడి భాష లక్సెంబర్గిష్‌లో మాట్లాడతారు, సంప్రదాయంగా ఆరేళ్ళకు జర్మన్‌లో అక్షరాలు దిద్దుతారు, ఆపైన ఫ్రెంచ్. హైస్కూల్లో యూనివర్సిటీ చదువుకు దారితీసే క్లాసిక్ శాఖలో మొదటి ఏళ్ళలో సైన్సు, చరిత్ర జర్మన్‌లో చెబుతారు, లెక్కలేమో ఫ్రెంచ్‌లో! తరగతుల అంకెలు కూడా తలకిందులే. ఏడుతో మొదలై ఒకటితో ముగుస్తాయి. మార్కులు 60కి, పాసవడానికి 30. పన్నెండేళ్ళ పిల్లను ఇందులో పడేస్తే భాషతోనే కుస్తీ సరిపోతుంది, సబ్జెక్టు మిగలదు.

అలాగని లక్షలు పోసి ప్రైవేటు ఇంటర్నేషనల్ స్కూలుకు పరుగెత్తక్కర్లేదు. రాజధాని నగరంలోని మిషెల్ లూసియుస్ అనే ప్రభుత్వ లిసేలో (అక్కడ హైస్కూలును అలాగే అంటారు) ఇంగ్లిష్ మీడియం ఉంది. బ్రిటిష్ పద్ధతిలో ఎ లెవెల్స్ (మన ప్లస్ టూ లాంటివి) దాకా చదవొచ్చు. డిఫర్డాంజ్ అనే ఊళ్ళో 2016లో మొదలైన ప్రభుత్వ ఇంటర్నేషనల్ స్కూల్లో కూడా ఇంగ్లిష్ విభాగం ఉంది. ఇల్లు దూరమైనా దిగులు లేదు, 2020 నుంచి దేశమంతా బస్సులు, రైళ్ళు ఉచితం. సీట్లకు గిరాకీ ఎక్కువ, వీసా వచ్చాక చూద్దామనుకోకండి. మూడేళ్ళున్నట్లయితే పదికి సమానమైన పరీక్ష రాసేదాకా ఆగి రండి. అప్పుడు ఇంటర్‌లో చేరడానికి ఆ పరీక్ష మన పదికి సమానమని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలు.

బాబు సంగతి వేరు. నాలుగేళ్ళు నిండితే అక్కడ బడి తప్పనిసరి. వాణ్ణి నిశ్చింతగా మామూలు బడికే పంపండి, ఆరు నెలల్లో మీకే లక్సెంబర్గిష్ నేర్పుతాడు. కాకపోతే ఆ వయసులో అక్కడ ఆటపాటలే ఎక్కువ. తిరిగొచ్చేసరికి ఇక్కడి ఒకటో తరగతి పిల్లలు వాక్యాలు రాస్తుంటారు. రోజూ పావుగంట ఇంట్లో తెలుగు, ఇంగ్లిష్ అక్షరాలు దిద్దించండి. మీరూ ఉద్యోగం చేద్దామనుకుంటే ఇంకోటి గుర్తుంచుకోండి. ప్రైమరీ బడికి మామూలుగా మంగళ, గురువారాలు మధ్యాహ్నం సెలవు. పిల్లల్ని ఆ పూట చూసుకునే కేంద్రాలను ‘మేజాఁ రెలే’ అంటారు. పేరు ముందే రాయించండి.

బయల్దేరే ముందు పాప టీసీ, ఆరు, ఏడు తరగతుల మార్కుల షీట్లు, ఇద్దరి జనన ధ్రువపత్రాలు తీసుకుని వాటికి అపోస్టిల్ ముద్ర (మన పత్రాలు విదేశాల్లో చెల్లేలా వేసేది) ఇక్కడే వేయించుకోండి. అక్కడికెళ్ళాక హైదరాబాద్‌కు కొరియర్లు పంపుకుంటూ కూర్చుంటే సెప్టెంబరు దాటిపోతుంది, బడులు తెరిచేది ఆ నెలలోనే.