రక్తం పలచబడే మాత్ర అందరికీ కాదు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. మా నాన్నగారికి 72 ఏళ్లు. చాలాకాలంగా బీపీ ఉంది, మాత్ర వేసుకుంటారు. గుండె జబ్బు, షుగరు, పక్షవాతం ఏవీ లేవు. ఈ మధ్య మా వీధిలో ఒకాయన గుండెపోటుతో పోయారు. అప్పటి నుంచి ఎవరో చెప్పారని నాన్న కూడా ముందుజాగ్రత్తగా రోజూ ఆస్ప్రిన్ 75 వేసుకుంటున్నారు. కీళ్ల నొప్పులకు మందుల షాపులో కొనే నొప్పి మాత్రలు సరేసరి. ఇది మంచిదేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మంచిది కాదమ్మా. మీ నాన్నగారి విషయంలో ఆ మాత్రతో లాభం కన్నా ప్రమాదమే ఎక్కువ.

ఇదే ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఆస్ట్రేలియా, అమెరికాల్లో ఆస్ప్రీ అనే పెద్ద పరిశోధన చేశారు. గుండె జబ్బు లేని 19,114 మంది వృద్ధులను తీసుకుని, సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్, సగం మందికి మందు లేని మాత్ర ఇచ్చి ఐదేళ్లకు దగ్గరగా గమనించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం వంటివి చెప్పుకోదగినంతగా తగ్గలేదు. తీవ్రమైన రక్తస్రావం మాత్రం మందు లేనివారిలో నూటికి 2.8 మందికి, ఆస్ప్రిన్ తీసుకున్నవారిలో 3.8 మందికి వచ్చింది. అరవై దాటినవారు ముందుజాగ్రత్త కోసం ఆస్ప్రిన్ కొత్తగా మొదలుపెట్టవద్దని అమెరికా నిపుణుల బృందం 2022లో సూచించింది.

మర్రిగూడ అని చదవగానే నాకు ఇంకో దిగులు పట్టుకుంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లు మీవి. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నా, బిగుసుకుపోయిన వెన్నులు, మోకాళ్లు వెనక్కి రావు కదా. అక్కడి పెద్దవాళ్లు నా దగ్గరికి వస్తే నేను మొదట అడిగేది నొప్పి మాత్రల గురించే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఆస్ప్రిన్ కూడా అదే చేస్తుంది, పైగా కారే రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. రెండూ కలిస్తే పుండు పడి రక్తం పోయే ప్రమాదం పెరుగుతుంది. మలం తారులా నల్లగా వచ్చినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, మూత్రపిండాలను పాడుచేస్తాయి. అందుకే ఆస్ప్రిన్ కంటే ముందు వాటి సంగతి చూడాలంటాను. పారాసిటమాల్, పైపూత మందు, ఫిజియోథెరపీలతో ఎంతవరకు నెట్టుకురావచ్చో మీ డాక్టరుతో మాట్లాడండి. మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించండి.

ఈ జవాబు చదివి, గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు, రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినవారు తమ ఆస్ప్రిన్ మానేయకండి. దయచేసి మానేయకండి. వారికి అది ప్రాణం కాపాడే మందు. గుండెపోటు వచ్చిన 17,187 మందిపై జరిగి 1988లో వెలువడిన ఐసిస్-2 పరిశోధనలో, వెంటనే ఆస్ప్రిన్ మొదలుపెట్టినవారిలో ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో సంభవించే మరణాలు 23 శాతం తగ్గాయి. జబ్బు వచ్చినవారి లెక్క వేరు, రానివారి లెక్క వేరు.

మీ నాన్నగారి గుండెను నిజంగా కాపాడేది బీపీ అదుపు. చైనాలో 60 నుంచి 80 ఏళ్ల లోపు 8,511 మందిపై జరిగిన స్టెప్ పరిశోధన 2021లో వచ్చింది. బీపీలో పై అంకెను 130 లోపు ఉంచినవారిలో గుండె, మెదడు రక్తనాళాల సమస్యలు నూటికి 3.5 మందికి, 130–150 మధ్య ఉంచినవారిలో 4.6 మందికి వచ్చాయి. ఆయనకు బీపీ చివరిసారి ఎప్పుడు చూశారో మీరు రాయలేదు. ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు ఆగి చూసి కాగితం మీద రాయండి. ఆ కాగితం, ఆయన వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. షాపులో కొన్నవి కూడా.